లేని ఇసుక సంచులు

నా పని మనుషుల్ని తూచడం. ఊరిని పైనుంచి చూపించే హెలికాప్టర్ ఎక్కాలంటే ఎంతటివాళ్ళైనా ముందు నా ఎదురుగా ఉన్న ఇనుప పలక మీద నిలబడాలి. బుకింగ్ కాగితంలో అందరూ అబద్ధమే రాస్తారు. ఆడవాళ్ళు ఓ ఐదు కిలోలు మింగేస్తే, మగవాళ్ళు పది మింగేస్తారు. పలక మీద అంకె నా వైపే కనిపిస్తుంది కాబట్టి నేను ఎవరి పరువూ తీయను. చూసిన అంకెని లోడ్ షీట్‌లో రాస్తాను, ఎవరు ఏ సీట్లో కూర్చోవాలో చెబుతాను, పైలట్ దాని మీద సంతకం పెడుతుంది. పైలట్ పక్కన ఒక సీటు, వెనక మూడు. ఆ ముందు సీటు కోసం నిన్నగాక మొన్న పెళ్ళైనవాళ్ళు కూడా నా ముందే మూతులు ముడుచుకున్నారు.

మా పైలట్ ఇరవై ఏడేళ్ళ పిల్ల. నా వయసుకి ఆంటీ అనాలి గానీ అక్కా అంటుంది. అందుకే ఆ పిల్లంటే నాకు కాస్త ఎక్కువ ముద్దు. నేను రాసిన షీట్‌ని చదవకుండా సంతకం పెట్టేస్తుంది. చదివి చావమని నాలుగైదుసార్లు తిట్టాను. నువ్వు రాశావుగా అక్కా అని నవ్వుతుంది.

లెక్క పెద్దగా ఏమీ లేదు. ఎక్కినవాళ్ళ బరువు, సామానుతో సహా, మూడు వందల ఇరవై కిలోలు దాటకూడదు. ఒక్కరే ఎక్కితే మరీ తేలిక, ముందుకీ వెనక్కీ తూకం కుదరదు. అప్పుడు తోక వైపున్న సామాను అరలో ఇసుక సంచులు పెడతాం. ఇంధనం పోసే పెద్దాయన వాటిని పెడతాడు, పని కాగానే తీసి షెడ్డు గోడకి ఆనిస్తాడు.

మా ఆయన కూడా పైలటే, పద్నాలుగేళ్ళ కిందటి వరకు. వేరే కంపెనీ అది, ఇప్పుడు లేదు. గాలి చుక్క లేని ఎండపూట నలుగురు భారీ అతిథుల్ని ఎక్కించుకుని కొండమీద హోటల్ దగ్గర దిగబోతుంటే, హెలికాప్టర్ బరువు మొయ్యలేక మేడ ఎత్తు నుంచి కూలబడింది. ప్రాణాలు పోలేదు. ఒకావిడ నడుము విరిగింది, మా ఆయన పక్కటెముకలు రెండు విరిగాయి. ఆసుపత్రిలో ఆ నలుగురినీ తూస్తే షీట్‌లో ఉన్నదానికంటే నలభై ఐదు కిలోలు ఎక్కువ తేలారు. షీట్‌లో అంకెలు కంప్యూటర్‌లో కొట్టినవి. కింద సంతకం మాత్రం మా ఆయనది. ఆ కంపెనీ మేనేజర్ విచారణలో నిలబడి, షీట్ నింపింది పైలటే, నేను దాని మొహం కూడా చూడలేదు అని నిక్షేపంగా చెప్పి వెళ్ళిపోయాడు. మా ఆయన లైసెన్సు పోయింది.

మా ఆయన నాతో ఒక్కసారే చెప్పాడు. అంకెలు వాడే కొట్టి తెచ్చాడు, నేను చదవకుండా సంతకం పెట్టాను అని. అంతే, మళ్ళీ ఆ రోజు మాట ఎత్తలేదు. ఇప్పుడు కార్లు నేర్పుతాడు. నెత్తిమీద హెలికాప్టర్ చప్పుడైతే తలెత్తడు, క్లచ్ నెమ్మదిగా వదలమ్మా అంటూ తన పని తను చూసుకుంటాడు. కోపం రాదా నీకు అని నేను గొడవపడ్డాను, ఏడ్చాను, రోజుల తరబడి మాట్లాడడం మానేశాను. అయినా ఉలకడు, పలకడు. సరే, ఆయన కోపం కూడా నేనే పడదాం అనుకున్నాను. పద్నాలుగేళ్ళుగా ఇద్దరి కోపం ఒక్కదాన్నే పడుతున్నాను.

మొన్న సాయంత్రం మర్నాటి బుకింగులు చూస్తుంటే ఆ మేనేజర్ పేరు కనిపించింది. నలుగురు, పదకొండు గంటల ప్రయాణం. అదే పేరున్న ఇంకొకడేమో అనుకున్నాను. కాదని పొద్దున్నే తెలిసింది. జుట్టు నెరిసింది, పొట్ట పెరిగింది, ఆ నడక మాత్రం అదే. నేలంతా తన పేరున రాసి ఉన్నట్టు నడుస్తాడు. పెళ్ళాం, కూతురు, అల్లుడు వెంట ఉన్నారు. కూతురి పుట్టినరోజుకి వాడిచ్చే బహుమతి అట ఈ ప్రయాణం. నన్ను గుర్తుపట్టలేదు. ఎందుకు పడతాడు? విచారణ జరిగిన గది బయట బెంచీ మీద కూర్చుని ఏడుస్తున్న ఆడదాన్ని వాడు ఏనాడు చూశాడని?

తూచాను. వాడు తొంభై ఆరు. భార్య డెబ్బై ఎనిమిది. కూతురు డెబ్బై ఒకటి. అల్లుడు తొంభై ఏడు. మొత్తం మూడు వందల నలభై రెండు. నిజం చెబుతున్నాను, పలకని నేను వేలితో కూడా ముట్టుకోలేదు. అన్నీ వాటంతటవే కుదిరాయి.

ఇరవై రెండు కిలోలు ఎక్కువైంది, ఒకరు దిగిపోవాలని చెప్పాను. నేనుంటాను నాన్నా అని కూతురు అంది. మంచి పిల్ల. వాడు ఆగమని చెయ్యి చూపించి, కౌంటర్ మీదికి వంగి, మనం మనం ఒకటే అన్న గొంతు పెట్టాడు. "ఇదే వ్యాపారం నేనూ చేశానమ్మా ఒకప్పుడు. తలా ఆరు కిలోలు తగ్గించి రాసెయ్. పన్నెండు నిమిషాలు, గాలి కూడా బాగుంది. ఎవరు చూడొచ్చారు?"

అప్పుడు నా చెవుల్లోంచి పొగలొచ్చి ఉంటాయి. ఒక మనిషి బతుకు మట్టిలో కలిపి కూడా వీడికి బుద్ధి రాలేదు. కుదరదు సార్, దిగాల్సింది మీరే, తూకం అలాగే కుదురుతుంది అన్నాను. నిజానికి ఎవరు దిగినా సరిపోయేది. కానీ ఎవరు దిగాలో చెప్పేది నేను. వాడు నవ్వి, సరేలే నేను చాలా ఎక్కాను అంటూ వాళ్ళని పంపించాడు. కూతుర్ని ముందు కూర్చోబెట్టాను. పైలట్ ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టింది. అందరి చెవులకీ హెడ్‌సెట్లు తగిలించాను. రెక్కలు తిరిగి, దుమ్ము లేచి, హెలికాప్టర్ సముద్రం వైపు వెళ్ళిపోయింది.

దారి నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. మొదట ఓడరేవు. ఓడల మీద పెట్టెలు పిల్లలు పేర్చిన అగ్గిపెట్టెల్లా ఉంటాయి. తరవాత అలల్ని ఆపే రాళ్ళ కట్ట, దాని చివర లైట్‌హౌస్. అక్కడ నీళ్ళ రంగు ఉన్నట్టుండి ముదురుతుంది, ఎక్కినవాళ్ళందరూ అక్కడే ఫోటోలు తీస్తారు. పెళ్ళైన కొత్తలో మా ఆయన నన్నూ ఒకసారి ఎక్కించాడు. పొడుగాటి ఇసుక తీరం మీదుగా తెచ్చి, మేము అద్దెకుండే గది డాబా చూపించాడు. నేను ఆరేసిన చీర పైనుంచి కనిపించింది. అంత గర్వంగా ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఇప్పుడు అలాంటి కిటికీలోంచే వాడి కూతురు ఊరు చూస్తోంది.

ఓనర్ బయటికి వెళ్ళాడు. పెద్దాయన షెడ్డులో ఉన్నాడు. గదిలో నేనూ వాడే. వాడు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. రేడియో నా బల్ల మీదే ఉంటుంది. ఓడరేవు దాటాం అని పైలట్ గొంతు వచ్చింది. మూడు నిమిషాలు గడిచాయి. ముందే ఏదో పన్నాగం పన్నానని ఎవరైనా అనుకుంటే వాళ్ళిష్టం. అప్పటిదాకా నా దగ్గర ఏ పన్నాగమూ లేదు. వాడి కాలు అలా ఊగుతుంటే చూడలేకపోయాను.

"సార్, ఆ ఇసుక సంచులు తీయలేదు" అన్నాను.

ఏ సంచులు అన్నాడు, ఫోన్‌లోంచి తలెత్తకుండానే.

"ఇందాక పొద్దున ఒక్క మనిషే వెళ్ళొచ్చాడు. తోక దగ్గర డెబ్బై కిలోల ఇసుక పెట్టాం. అది అలాగే ఉండిపోయింది. షీట్‌లో రాయలేదు. ఎవరు చూడొచ్చారు?"

ఊగే కాలు ఆగింది. వేళాకోళమా అన్నట్టు నవ్వబోయాడు. ఆ నవ్వు పెదాల దగ్గరే ఎండిపోయింది.

"కొండమీద హోటల్ దగ్గర పడిన హెలికాప్టర్ గుర్తుందా? దాన్ని నడిపినాయన నా మొగుడు."

మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆ మొహం చూడడం కోసమే బతికాను కాబోలు అనిపించింది. దాచుకోవడం ఎందుకు, నాకు హాయిగా ఉంది.

ఇక్కడొక మాట చెప్పాలి. సంచులు లోపల లేవు. పొద్దున్నే పెద్దాయన తీసేశాడు. మా కిటికీలోంచి చూస్తే షెడ్డు గోడకి ఆనించి నాలుగూ కనిపిస్తున్నాయి. వాడు ఒక్కసారి మెడ తిప్పితే చాలు. అసలు మెడ తిప్పకపోయినా, ఒక్క కూడిక చేసుకున్నా చాలు. వాడు దిగిపోయాక మిగిలింది రెండు వందల నలభై ఆరు. దానికి డెబ్బై కలిపితే మూడు వందల పదహారు. నా అబద్ధం నిజమే అయినా తోక కాస్త బరువనిపించేదేమో గానీ, బరువుకి పడిపోయేది కాదు. ఐదో తరగతి పిల్లకి వచ్చే లెక్క. ఇరవై ఏళ్ళు మేనేజర్‌గా వెలగబెట్టినవాడికి రాలేదు. వాడికి జీవితంలో తీసివేత తప్ప కూడిక అలవాటు లేదు.

లేచి రేడియో మైకు కోసం చెయ్యి చాపాడు. నేను ముందే తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. దించమని చెప్పమన్నాడు. కాళ్ళు పట్టుకుంటానన్నాడు. మా అమ్మాయి అన్నాడు, మా అమ్మాయి అన్నాడు, ఆ మాటే పదిసార్లు అన్నాడు.

"నీ కాళ్ళూ చేతులూ నాకొద్దు. నోరు కావాలి. ఆ రోజు షీట్ ఎవరు నింపారో ఇందులో చెప్పు. చెప్పాకే దించమంటాను."

మీరు పోయి నువ్వు ఎప్పుడొచ్చిందో నాకే తెలీదు. లైట్‌హౌస్ దాటుతున్నాం అని పైలట్ చెప్పింది. ఆ పిల్ల పక్కనే ఎవరో ఆనందంగా నవ్వడం కూడా వినిపించింది. వాడి కూతురే అయ్యుంటుంది. ఆ నవ్వుతో వాడు మెత్తబడిపోయాడు. మైకు అందించాను. రెండు చేతులతో పట్టుకుని బటన్ నొక్కాడు.

"పద్నాలుగేళ్ళ కిందట పడిపోయిన హెలికాప్టర్... ఆ షీట్ నేనే నింపాను. నలుగురి బరువూ నేనే తగ్గించాను. పైలట్‌కి తెలీదు. తొందరపెట్టి సంతకం పెట్టించాను. విచారణలో అబద్ధం చెప్పాను."

మా గది నుంచి పైలట్‌కి వెళ్ళే ప్రతి మాటా ఎక్కినవాళ్ళందరి హెడ్‌సెట్లలోనూ వినిపిస్తుంది. ఆ వ్యాపారం చేసినవాడే, వాడికి తెలియంది కాదు. ఆ గాభరాలో గుర్తులేదు, అంతే. నాకు గుర్తుంది. పెళ్ళాం, కూతురు, అల్లుడు, ముగ్గురూ విన్నారు. నా కడుపు చల్లబడింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

వాడు బటన్ వదల్లేదు. "అమ్మాయ్, నీ షీట్ తప్పు. తోకలో ఇసుక ఉంది, డెబ్బై కిలోలు, ఆవిడే చెప్పింది. దించెయ్, ఎక్కడైనా దించెయ్" అని అరిచాడు. నేను లాక్కోబోయాను. బటన్ నొక్కినంతసేపూ ఆ పిల్ల గొంతు మాకు వినపడదు. మైకు వాడి వేళ్ళలోంచి ఊడదీసేసరికి అర నిమిషం పట్టింది.

"అబద్ధం. సంచులు లేవు, నువ్వు సంతకం పెట్టిన షీట్ సరిగ్గానే ఉంది" అన్నాను.

రేడియోలో గరగర మధ్య ఆ పిల్ల గొంతు వచ్చింది. "ఏది నిజం అక్కా?"

నేను చెప్పేదే నిజం అన్నాను.

లైట్‌హౌస్ తరవాత ఇసుక తీరం చేరినట్టు చెప్పాలి, చెప్పలేదు. మిగతా దారి మానేసి తిన్నగా వెనక్కి వచ్చింది. ఎప్పుడూ నిట్టనిలువుగా దిగే పిల్ల, ఆ రోజు మైదానం ఆ చివర నుంచి నేలని ఒరుసుకుంటున్నట్టు నెమ్మదిగా తెచ్చి, మా గదికి చాలా దూరంలో దించింది. రెక్కలు ఆగాక దిగి తోక దగ్గరికి నడిచింది. అర తలుపు తెరిచింది. లోపల ఏమీ లేదు. ఆ ఖాళీ అరలో చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడింది. వాడు కూడా అది చూశాడు. చూసి, కుర్చీలో కూలబడ్డాడు.

కూతురు లోపలికి వచ్చి తండ్రి వైపు చూడకుండా, అమ్మని తీసుకెళ్ళి కారులో కూర్చోండి అంది. వాడు వెళ్ళాడు. నడక మారిపోయింది. ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి, అప్పుడు పడిపోయిన హెలికాప్టర్ పైలట్ మీకేమవుతారు అని అడిగింది. మా ఆయన అన్నాను. తెల్లకాగితం అడిగి తీసుకుని, తను విన్నదంతా రాసి సంతకం పెట్టింది. అల్లుడూ పెట్టాడు. ఎక్కడికి రమ్మన్నా వచ్చి ఇదే చెబుతాను అంది. నాతో ఒక మంచి మాట అంటుందేమో అని చూశాను గానీ, కాగితం ఇచ్చేసి వెళ్ళిపోయింది. పైన ఉన్నది తనే కదా.

పైలట్ చివర్న వచ్చింది. లోడ్ షీట్ నా బల్ల మీద పెట్టి, రెండు చేతులూ నా ముందు చాపింది. వేళ్ళు వణుకుతున్నాయి.

"నువ్వు రాసింది నేను చదవనని తెలుసు నీకు. తెలిసే చేశావా?"

ఆ పిల్లని నేను తలుచుకోలేదు. అదే నిజం. ఆ మూడు నిమిషాల్లో ఆ హెలికాప్టర్లో నాకు వాడి కూతురు కనిపించింది, పెళ్ళాం కనిపించింది, నడిపే మనిషి కనిపించలేదు. ఆ మాట చెప్పలేక ప్రయాణాల పుస్తకం ఆ పిల్ల ముందుకి జరిపాను. జరిగినదంతా అందులో ఒక్క మాట పోకుండా రాసింది. అలాగే రాయాలి. ఓనర్ వచ్చి చదివి, తాళాలు ఇచ్చేసి ఇంటికి వెళ్ళమన్నాడు. తిరిగి రమ్మంటానో లేదో చెప్పలేను అన్నాడు. పోతే పోయింది, వెధవ ఉద్యోగం అనుకుంటూ కాగితం బ్యాగులో పెట్టుకుని బయల్దేరాను. దారంతా నవ్వొచ్చింది. బస్సులో పక్కావిడ వింతగా చూసింది కూడా.

మా ఆయన పాఠాల మధ్యలో భోజనానికి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. నిలబడే మొత్తం చెప్పాను. వాడి మొహం ఎలా మాడిపోయిందో, గొంతు ఎలా వణికిందో, నీకు తెలీదని ఎలా ఒప్పుకున్నాడో. కూతురు రాసిన కాగితం తీసి కంచం పక్కన పెట్టాను. దీన్ని పట్టుకుని ఏ ఆఫీసుకైనా వెళ్ళొచ్చు, నీ పేరు కడిగేస్తాను అన్నాను. ఏడుస్తాడనుకున్నాను. నా చెయ్యి పట్టుకుంటాడనుకున్నాను. పద్నాలుగేళ్ళు నేను మోసినదానికి అదైనా వస్తుందనుకున్నాను.

ఆయన కాగితం వైపు చూడలేదు. "అప్పుడు ఎవరు నడుపుతున్నారు?" అన్నాడు.

మా పైలట్ పిల్లే అన్నాను.

"షీట్ తప్పని విన్నప్పుడు నీళ్ళ మీద ఉందా, నేల మీద ఉందా?"

నీళ్ళ మీద అన్నాను.

కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. ఆ అమ్మాయి నంబరివ్వు అన్నాడు. ఇచ్చాను. వసారాలోకి వెళ్ళి ఫోన్ చేశాడు. నేను లోపల గుమ్మం దగ్గరే ఉన్నాను, అన్నీ వినిపిస్తున్నాయి. చేతులు ఇంకా వణుకుతున్నాయా అమ్మా అని అడిగాడు. అది ఇవాళే పోదు, కంగారుపడకు అన్నాడు. ఆ తరవాత ఆ రోజు సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఇంజన్ ఎలా మూలిగిందో చెప్పాడు. పడుతున్నప్పుడు ఎక్కిన నలుగురికీ గట్టిగా క్షమాపణ చెప్పానని చెప్పాడు. చదవకుండా సంతకం పెట్టింది నేనే కదా, వాడొక్కడి మీద తోసేసి ఎలా నిద్రపోను అన్నాడు. ఏడాదిపాటు గ్లాసుడు నీళ్ళు ఒక్క చేత్తో తాగలేకపోయానని చెప్పాడు. రెండు చేతులతో గ్లాసు పట్టుకోవడం నేను రోజూ చూశాను. పక్కటెముకల నొప్పి అనుకున్నాను.

ఒక్క ముక్క కూడా నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేను అడిగిందల్లా నీకు కోపం రాదా అనే.

అరగంట మాట్లాడాడు. మధ్యలో ఒకసారి ఇటు తిరిగి గుమ్మంలో ఉన్న నన్ను చూశాడు. ఒక్క నిమిషం అమ్మా అని ఫోన్‌లో చెప్పి, వచ్చి, తలుపు దగ్గరికి వేసుకున్నాడు.